ఒంటిగా రమ్మన్న పిలుపు

విరుదునగర్
1934 మార్చి 4

తాతకు పొన్నయ్య నమస్కారం.

ఇక్కడ రుక్మణి అత్త, చెల్లదురై మామ, పిల్లలు కులాసా. మండీల్లో కొత్త మిరపకాయ దిగింది. వీధి మొత్తం తుమ్ములే. నేను రోజూ పొద్దున రైలెక్కి మదురకు పోయి, కాలేజీ అయ్యాక సాయంత్రం బండికి తిరిగి వస్తున్నాను.

ఒక ముఖ్యమైన సంగతి. కాలేజీలో నోటీసు వేశారు. మే నడిమిలో మొదలయ్యే వైకాసి నెలలో కుర్తాలంలో ఒక బంగళా తీసుకుని, చెన్నపట్నం పండితులు కొందరు మూడు వారాలు పరిశోధన సదస్సు నడుపుతారట. అది ఏ కాలేజీకీ చెందింది కాదు. పరీక్ష లేదు, మార్కులు లేవు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలేజీలన్నిటి నుంచి పది మంది విద్యార్థులను ఏరుకుంటారు. ఒక్కొక్కరు తమ ప్రాంతపు చరిత్రో, ఆచారమో, ఏదో ఒక సంగతిని స్వయంగా వెతికి తెలుసుకుని అక్కడ చదవాలి. మిగిలినవాళ్లు ప్రశ్నలు వేస్తారు, వాదిస్తారు. పుస్తకంలో ఉన్నది ఒప్పజెప్పడం కాదు. అది చదివినప్పటి నుంచి నా మనసు నిలవడం లేదు.

నేను మన కంబళి కూటం గురించి రాస్తానని దరఖాస్తు పెట్టాను. ఊళ్లో తగవు వస్తే కానుగ కొమ్మలు నాటి, నల్లకంబళి పరిచి, పెద్దలు కూర్చుని తీర్పు చెప్పడం ఏ పుస్తకంలోనూ లేదు. నేను చిన్నప్పటి నుంచి మీ వెనక నిలబడి చూసిందే.

వాళ్లకు ఇంటి పెద్ద తన చేత్తో రాసిన ఒప్పుకోలు కావాలి. నాయన పోయినాక నాకు పెద్ద మీరే. తరువాత మదురలో ముగ్గురు పండితులు కూర్చుని నన్ను ప్రశ్నలు అడుగుతారు. దానికి నేను ఒంటిగా రావాలి, వెంట ఎవరూ రాకూడదు అని నోటీసులో ఉంది.

రెండు వరుసలు రాసి పంపండి తాతా.

మీ మనవడు
పొన్నయ్య


ఎర్రనాయకన్‌పట్టి, కోవిల్‌పట్టి టపా
మార్చి 11

విరుదుపట్టిలో ఉండే మనవడు పొన్నయ్యకు తాత వీరసామి నాయకర్ చెప్పేది.

నీ కాయితం చేరె. విరుదునగర్ అని రాస్తివి. నేను పత్తి బండి తోలిన నాటికి అది విరుదుపట్టి. ఎవరో పేరు మార్చిరని నేను మార్చను.

ఇక్కడ అందరం బాగుండాము. పత్తి రెండో ఏరుడు అయ్యె. చిన్నెద్దు కాలు నొచ్చి పడుకుని ఇప్పుడే లేచె. రుక్మణికి సజ్జలు పంపుతాను, అక్కడి బియ్యం తిని అది ఒళ్లు చెడగొట్టుకుంటుండాది.

ఇప్పుడు నీ సంగతి. ఏమిరా చేస్తివి? నిజం చెప్పు.

ముగ్గురు కూర్చుని నిన్ను అడుగుతారంట. నువ్వు ఒంటిగా రావాలంట. ఒంటిగా ఎవరిని పిలుస్తారో నీకు తెలియదా? నా వెనక నిలబడి చూసినోడివే కదా. కంబళి ముందుకు ఎవని సంగతి వచ్చినా వాని ఇంటి పెద్ద వచ్చి కంబళి మూలన కూర్చోవాల. వాడు పెద్ద వెనక నిలబడి నోరు మూసుకోవాల. అడిగేది పెద్దను. చెప్పేది పెద్ద. పెద్ద వద్దు, నువ్వు ఒక్కడివే రా అని ఎవనికి చెప్తారు? ఇల్లు విడిచినోనికి చెప్తారు. కులం తీసేసినోనికి చెప్తారు. నిన్ను అట్ల పిలిచే మొగవాడు ఎవడు? నేను ఇంకా చావలేదే.

కాలేజీలో ఎవనినైనా కొడితివా? కొట్టి ఉంటే చెప్పు. దానికి నేను కోపపడను, ఎందుకు కొడితివో అడుగుతాను. ఏదైనా ఎత్తుకుంటివా? అట్ల అయితే చెప్పవద్దు, నేను వచ్చినాక నా ముందు చెప్పు.

నేను మదురకు వస్తాను. తలపాగా ఉతికి పెట్టమని చెప్తిని. ఆ ముగ్గురి ముందు నేను కూర్చుంటాను, నువ్వు వెనక నిలబడు. వాళ్లకు కంబళి లేకపోతే మనది తెస్తాను. ఏ నాడో రాయి.

వీరసామి నాయకర్


విరుదునగర్
మార్చి 16

తాతకు పొన్నయ్య నమస్కారం.

నేను ఎవరినీ కొట్టలేదు, ఏదీ ఎత్తుకోలేదు. అక్కడ ఒంటిగా పిలవడం వెలివేయడం కాదు తాతా. ఎవరి బుద్ధి ఎంతో, ఎవరి మాట ఏమిటో తెలుసుకోవడానికి అందరినీ అట్లాగే పిలుస్తారు. దొరల పిల్లలైనా అంతే. కాబట్టి మీరు మదురకు రావద్దు. కంబళి అసలే తేవద్దు. మీ ఉత్తరం వినిపిస్తే రుక్మణి అత్త ఒకటే నవ్వు. "మా నాయన పోతే ఆ ముగ్గురినీ లేపి తన వెనక నిలబెడతాడు" అంటోంది.

కానీ మీ ఉత్తరం నన్ను ఒక చోటికి పంపింది. ఒంటిగా ఎవరిని పిలుస్తారో తెలియదా అని అడిగారు కదా. తెలుసు. మన ఊరి ముత్తుప్పేచ్చిని పిలిచారు. నిన్న కాలేజీ మాని తిరుత్తంగల్ పోయి ఆమెను చూశాను. అక్కడ అగ్గిపెట్టెల కంపెనీలో పెట్టెలకు బొమ్మ కాయితాలు అంటిస్తోంది. నన్ను చూసి "వీరసామి నాయకర్ ముక్కే" అంది. కూర్చోమనలేదు.

నాకు గుర్తున్నది చెప్పి, సరేనా అని అడిగాను. భర్త పోయినాక ఆమే ఎద్దుల్ని కట్టి కపిలె తోలి బావి నీళ్లు తోడుకుని చేను తడుపుకునేది. ఆ బావి వంతు తనదని మరిది కంబళి దగ్గరకు తెచ్చాడు. ఆమె తరఫున మూలన కూర్చోవలసిన పెద్ద కూడా ఆ మరిదే. వాడు ఎదుటి పక్క నిలబడ్డాడు. ఇంకెవరూ రాలేదు. ఆమెను ఒంటిగా పిలిచారు. ఆమె నోరు తెరవగానే పెద్దలు లేచి కంబళి ఎత్తేశారు. వంతు మరిదికి పోయింది.

"అంతే. ఒక్కటి విడిచిపెడితివి. నేను ఏం చెప్పబోయానో ఎవరూ అడగలేదు" అంది. ఇది రాయవచ్చునా అని అడిగాను. "రాయి. ఎవరింటి పిల్లవాడివో తెలిసే చెప్తుండాను" అంది.

ఒప్పుకోలు కోసం చూస్తుంటాను.

పొన్నయ్య


ఎర్రనాయకన్‌పట్టి
మార్చి 25

పొన్నయ్యకు.

నేను రాకూడదా. తాత తలపాగా, తాత చెప్పులు చూస్తే నీ కాలేజీ వాళ్లు నవ్వుతారని సిగ్గు వచ్చెనా? రాను పో. నీ మదుర నాకు వద్దు. రుక్మణికి చెప్పు, నవ్వింది చాలు, సజ్జలు పంపను.

నీ కాయితంలో కొన్ని ముక్కలు నాకు తెలియక కోవిల్‌పట్టిలో బడి అయ్యవారి చేత చదివిస్తిని. పక్కన సంగిలి నాయకర్ కూర్చుని ఉండె. కూటంలో నా కుడి పక్క కూర్చునేవాడు, వానికి రెండు చెవులూ సరిపోవు. పొద్దు గూకే లోపల ఊరంతా తెలిసె. "నీ మనవడు మన కంబళిని కుర్తాలంలో ఉతుకుతాడంటనే" అని అడిగె. అందరూ నవ్విరి. నేను నవ్వలేదు.

ముత్తుప్పేచ్చి దగ్గరకు నిన్ను ఎవరు పొమ్మనిరి? కంబళి ఎత్తినాక అక్కడి మాట మళ్లీ ఎవరూ ఎత్తరాదు. ఆ తీర్పు చెప్పింది నేను. మంచి తీర్పు. పెద్ద రాలేదు, విచారణ లేదు. మా తాత నాడు అదే, మా నాయన నాడు అదే. ఆమె కోసం నేను కొత్తది పుట్టించాలనా?

ఒప్పుకోలు రాయను. రాయను అంటే రాయను.

వీరసామి నాయకర్


విరుదునగర్
ఏప్రిల్ 3

తాతకు పొన్నయ్య నమస్కారం.

సిగ్గుపడి రావద్దనలేదు. వాళ్లు నన్ను లోపలికి రానివ్వరేమోనని భయపడ్డాను. మీరు అట్లా అనుకుంటారని తెలిస్తే ఆ మాట రాసేవాణ్ణే కాదు.

ఇప్పుడు ఆ గొడవ తీరిపోయింది. సదస్సు వాళ్లు ఉత్తరం రాశారు. నా దరఖాస్తు చూశారట, భాష బాగుందట, కానీ విషయం పనికిరాదట. కంబళి కూటానికి శాసనం లేదు, రాగిరేకు లేదు, చదువురాని పల్లెవాళ్ల చిల్లర తగవుల్లో చరిత్ర ఏమీ లేదు అని రాశారు. మదుర నాయకరాజుల గురించో, ఏదైనా గుడి శాసనం గురించో రాస్తే నా పేరు మళ్లీ చూస్తారట.

రెండు రోజులు అన్నం దిగలేదు. చెల్లదురై మామ మాత్రం, "రాజుల గురించే రాయి, వాళ్లకు కావలసిన సరుకు దించు, సీటు తెచ్చుకో" అన్నాడు. మండీ మనిషి కదా. ఆలోచిస్తే అదే మేలనిపించింది. ముత్తుప్పేచ్చి సంగతి ఉండదు. మీ పేరు ఉండదు. సంగిలి నాయకర్ నవ్వడు. రాజులంటే మీకు కోపం ఉండదు కదా.

నాయకరాజుల మీద రాస్తాను. ఇకనైనా ఒప్పుకోలు పంపండి.

పొన్నయ్య


ఎర్రనాయకన్‌పట్టి
ఏప్రిల్ 9

మనవడు పొన్నయ్యకు తాత చెప్పేది. నిలబడి చదువు.

చిల్లర తగవులా?

రాజు ఎవడురా? ఏ రాజు వచ్చి మన ఊళ్లో కపిలె వంతు తీర్చె? వాన పడని ఏడు ఎవని గొర్రె ఎవని చేలో పడెనో రాజు చూసెనా? ఈ కరిసల్ నల్లనేలలో మనం కొట్టుకుని చావకుండా ఉండాము అంటే ఆ నల్లకంబళి వల్ల. దానికి రాగిరేకు లేదంట. రాగిరేకు రాజుకు కావాల, రేపు మాట మారుస్తాడు కాబట్టి. మేము పది ఊళ్ల ముందు చెప్తాము, మార్చము.

సంగిలి ఈ సంగతి విని సంతోషపడె. "మంచిదాయె, వాళ్లే వద్దనిరి" అనె.

"ఎందుకు వద్దనిరో విన్నావా? చదువురాని వాళ్ల చిల్లర తగవులంట" అంటిని.

"అంటే అననీ. మన చర్మం ఊడదు."

"నీ చెల్లెలిని మగడు తరిమేస్తే ఈ కంబళి మీదే కదా దాని కాపురం నిలబెడితిమి. ఆ నాడు నువ్వు నా కాళ్ల దగ్గర ఏడిస్తివి. అది చిల్లర ఏడుపా?"

తుండుతో మొకం తుడుచుకునె. మళ్లీ, "అయినా బయట రాయరాదు. రాస్తే నువ్వు పెద్దగా కూర్చోవడం కష్టం" అనె. రాస్తాడు, నేనూ కూర్చుంటాను, లేపేవాడు రానీ అంటిని. అప్పటి నుంచి ఇద్దరం మాట్లాడుకోవడం లేదు. ఊరు హాయిగా ఉండాది.

విను. రాజుల సంగతికి నేను ఒప్పుకోను. కంబళికే ఒప్పుకుంటాను. ముత్తుప్పేచ్చిని తీసేయవద్దు. నా తీర్పు మంచిదే, ఇప్పుడూ చెప్తాను. కానీ నా మాట ఒకటే రాస్తే అది తీర్పు అని ఎవడు నమ్ముతాడు? ముసలివాడు గొప్పలు చెప్పుకుంటుండాడు అంటారు. నేను సరి అన్నానని రాయి. ఆమె తప్పు అన్నదని రాయి. నువ్వేం అంటావో అదీ రాయి, నాకు చూపించవద్దు.

ఒంటిగా పో. వాళ్ల పద్దతి అదైతే అదే. నేను రాను. వాళ్లకు ఇవ్వవలసిన కాయితం కింద రాస్తిని. చింపి ఇయ్యి.

"కుర్తాలం పండితులకు ఎర్రనాయకన్‌పట్టి వీరసామి నాయకర్ రాసేది. నా మనవడు పొన్నయ్య మా కంబళి కూటం సంగతి రాసేందుకు నేను ఒప్పుకుంటిని. వేరే దేనికీ ఒప్పుకోలేదు. రాజుల సంగతి కావాలంటే రాజుల మనవళ్లను పిలుచుకోండి. ఇది నా చేత్తో రాసింది."

రుక్మణికి సజ్జలు బండిలో వేస్తిని.

తాత


విరుదునగర్
ఏప్రిల్ 22

తాతకు పొన్నయ్య నమస్కారం.

మీ కాయితం చింపి ఇచ్చాను. రాజుల మీద రాస్తానని ఒప్పుకున్నందుకే నన్ను పిలిచారు, అయినా కంబళి గురించే రాశానని చెప్పాను. ఇక ఇంటికి పొమ్మంటారనుకున్నాను, పొమ్మనలేదు. మదురలో నిన్న జరిగింది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పెద్ద గది. బల్ల అవతల ముగ్గురు. ఇవతల ఒకే కుర్చీ. మీరు అన్నది నిజమే తాతా, ఆ కుర్చీలో కూర్చోగానే నాకు ఎవరూ లేరనిపించింది. మీ కాయితాన్ని ఇంగ్లీషులో చెప్పమన్నారు. చెప్పాను. రాజుల మనవళ్ల మాట రాగానే కుర్రాయన నవ్వాడు. మధ్యలో కూర్చున్న ముసలాయన నవ్వలేదు.

"మీ తాతగారు మమ్మల్ని తిట్టారా?" అన్నాడు.

"లేదండీ, ఆయన తిడితే ఇంకా పొడుగ్గా ఉంటుంది."

అప్పుడు ఆయన కూడా నవ్వాడు. తరువాత గంటసేపు అడిగారు. కంబళి నల్లదే ఎందుకు, కానుగ కొమ్మ ఎందుకు, పెద్దలు తప్పు చేస్తే ఎవరికి చెప్పుకోవాలి అని. చివరిదానికి నాకు జవాబు తెలియదన్నాను. తెలుసుకోవడానికే రాస్తున్నానన్నాను. ముసలాయన కలం తీసి ఆ మాట రాసుకున్నాడు. నేను అన్న మాట ఒకరు రాసుకోవడం నేను ఎన్నడూ చూడలేదు.

మూడో ఆయన అడిగాడు: "ఆ బావి తీర్పు న్యాయమేనా?"

"మా తాత న్యాయమంటారు. ఆమె కాదంటుంది."

"నిన్ను అడుగుతున్నాను."

మీరు వెనక లేరు. ముందు కూడా లేరు. "కాదండీ" అన్నాను. రాసింది కూడా అదే. మీరు చూపించవద్దన్నారు, కానీ చెప్పకుండా దాచడం నా వల్ల కాదు.

ఈ పొద్దు వాళ్ల ఉత్తరం వచ్చింది. పదవ సీటు నాకు ఇస్తారట. ఒక షరతు. కూటాన్ని పూర్వాచారంగా వర్ణించి సరిపెట్టాలి, బతికి ఉన్న మనుషుల తగవు తీసేయాలి. ముత్తుప్పేచ్చి ఉండకూడదు, మీరూ ఉండకూడదు. అది వివాదం అవుతుంది, పరిశోధన కాదు అన్నారు.

నాకు ఆ సీటు కావాలి తాతా. చాలా కావాలి. ఏం చేయమంటారు? మీరు ఏమంటే అదే రాస్తాను.

పొన్నయ్య


ఎర్రనాయకన్‌పట్టి
మే 1

మనవడు పొన్నయ్యకు తాత చెప్పేది.

నీ కాయితం ఈ తూరి ఎవరి చేతా చదివించలేదు. రెండు పొద్దులు పట్టె. "కాదండీ" అంటివని చదివి కాయితం కింద పెట్టి ఎద్దులకు మేత వేయను పోతిని. మళ్లీ వచ్చి చదివితిని. అదే ఉండె.

నువ్వు తప్పు. నీకు పంచాయతు తెలియదు. సరే.

తీసేయమనేది నా మాట ఒకటే కాదు, ఆమె మాట కూడా. అడగాల కదా అని తిరుత్తంగల్ పోతిని. కంపెనీ విడిచేదాకా వాకిట నిలబడితిని. బయటికి వచ్చె. ఆ నాడు నన్ను మామా, మీరు అని పిలిచేది. ఇప్పుడు ఒట్టి నువ్వు.

"ఏమి నాయకర్, దారి తప్పితివా?"

"దారి తప్పే వయసు కాదు. పిల్లవాడు రాసినదాంట్లో నీ సంగతి తీసేయమంటుండారు. తీసేయనా అని అడగను వచ్చితిని."

"ఆ నాడు అడగనోడివి ఈ నాడు అడగను రైలెక్కి వస్తివా?"

"ఆ నాడు పద్దతి అది. ఈ నాడూ అదే. నేను మంచి తీర్పే చెప్తిని."

"నువ్వు మంచి తీర్పు చెప్పను వచ్చితివా, నా మాట అడగను వచ్చితివా? ఒకటి చెప్పు."

పక్కన ఆడవాళ్లు నిలబడి చూస్తుండిరి. నేను చుట్ట తీస్తిని. అగ్గిపెట్టె లేదు. ఆమె ఒకటి విసిరె. "బొమ్మ నేను అంటించిందే. చించుకోకుండా గీసుకో" అనె.

"తీసేస్తే నాకేం పోయె" అనె మళ్లీ. "కుర్తాలంలో ఎవరో నా పేరు చదివితే బావి నా చేతికి వస్తుందా? నేను చెప్పవలసింది కంబళి ముందర. అక్కడ చెప్పనీ."

"నీకు పెద్ద ఎవరు ఉండారు, మూలన కూర్చోను?"

"నువ్వు చచ్చినాక నీ మనవనికి పెద్ద ఎవరు?"

నేను అగ్గిపుల్ల గీస్తిని. చుట్ట మంచిగా అంటుకోలేదు.

పోతా పోతా, "నా మాట తీసేస్తే నీ మాట కూడా తీసేయమను. ఒట్టి కంబళి మిగులుతుంది, దాన్ని చదువుకోనీ" అనె. అది మాత్రం సరైన మాట అని నాకు తోచె. ఆమెతో చెప్పలేదు.

ఇప్పుడు నువ్వు నన్ను అడిగితివి, ఏం చేయాల అని. నేను చెప్పను. నిన్ను ఒంటిగా పిలిచిరి, నువ్వు ఒంటిగా పోయి నోరు తెరిస్తివి, నా మీదనే తెరిస్తివి. తెరిచిన నోరు నీది. సీటు నీకు కావాల అంటివి, అది తప్పు కాదు. తీసేసి పోతే నేను వెలివేయను. తీసేయకపోతే మెచ్చుకోను. నీ బుద్ధి చేసినట్టు చెయ్యి.

తాత


విరుదునగర్
మే 9

తాతకు పొన్నయ్య నమస్కారం.

మీ ఉత్తరం చేతిలో పెట్టుకుని రైలు స్టేషనులో కూర్చున్నాను. మీరు ఏదో ఒకటి చెప్పి ఉంటే బాగుండునని మిమ్మల్ని తిట్టుకున్నాను. తరువాత వాళ్లకు రాశాను. ఇద్దరి మాటా ఉంటేనే వస్తాను, లేకపోతే రాను అని. మరుసటి టపాకే కార్డు వచ్చింది. ఆ సీటు తిరుచినాపల్లి కాలేజీ అబ్బాయికి ఇచ్చేశారట. అతను ఒక గుడి శాసనం మీద రాశాడట.

అత్త ఏడ్చింది. మామ "మంచి బేరం చెడగొట్టుకున్నావు" అన్నాడు. నేను ఏడవలేదు. కానీ నిన్న సాయంత్రం స్టేషనులో కుర్తాలం వైపు పోయే బండి కదిలితే అది కనబడనంత దూరం పోయేదాకా నిలబడే ఉన్నాను.

రాసిన కాయితాలు పెట్టెలో పెట్టేశాను. ఎవరు చదువుతారు వాటిని?

పొన్నయ్య


ఎర్రనాయకన్‌పట్టి
మే 14

మనవడు పొన్నయ్యకు తాత చెప్పేది.

పెట్టెలో నుంచి తియ్యి.

తిరుచినాపల్లి పిల్లవాడు బాగుండనీ. రాయి మీద చెక్కింది ఎక్కడికీ పోదు, వాడు ముసలివాడు అయినాక కూడా చదవచ్చు. నేను ఎన్నాళ్లు ఉంటాను? ముత్తుప్పేచ్చికి అగ్గిమందుకు దగ్గి దగ్గి సగం గొంతు పోయె. ముందు మమ్మల్ని రాయి.

వాళ్లు మూడు వారాలు కుర్తాలంలో కూర్చోనీ. అవే మూడు వారాలు నువ్వు ఇక్కడ కూర్చో. కూటం వేయమని నేను అడిగితిని. సంగిలి మాట్లాడకుండా ఉండి ఉండి ఇప్పుడు నోరు తెరిచె. "ఏ తగవు ఉండాదని?" అనె. బావి వంతు అంటిని.

"అది ముగిసె కదా. ముగించింది నువ్వే."

"ముగిసిందని చెప్పింది మనం. ముగిసిందని ఆమె చెప్పలేదు."

"ఆడమనిషి పెద్ద లేకుండా నిలబడి మాట్లాడితే నేను లేచి పోతాను."

"పో. పోయేటప్పుడు కంబళి తొక్కకుండా పో. ఆ చోట కూర్చోను మనుషులు ఉండారు."

ఊళ్లో సగం మంది నా పక్క, సగం మంది వాని పక్క. నా పక్క ఉండే సగంలో సగం మందికి వేడుక చూడాల అని ఆశ. ఉండనీ, వేడుకకు వచ్చినోనికి కూడా చెవులు ఉంటాయి. పెద్దగా నన్ను లేపాల అని సంగిలి ఊరూరా తిరుగుతుండాడు. తిరగనీ. కాళ్లు వానివి.

నేను మాట మార్చలేదు. పెద్ద రానిది విచారణ లేదని ఆ పొద్దు కూడా చెప్తాను, గట్టిగా చెప్తాను. దాని మీద ఆమె మాట్లాడుతుంది. ఈ తూరి నేను కంబళి ఎత్తను, ఎవరినీ ఎత్తనివ్వను. ఆమె ఎంతసేపు చెప్తే అంతసేపు. నువ్వు నా వెనక నిలబడవద్దు. కాయితాలు పెట్టుకుని ఎదురుగా కూర్చో, ఇద్దరి మొకాలూ కనబడేటట్టు. అందరూ చెప్పింది రాయి. కడపట ఏం తీర్పు అవుతుందో నాకూ తెలియదు. అది నాకు కొత్త.

అయినాక ఆ కాయితాలు ఆ ముసలాయనకు పంపు, నీ మాట రాసుకున్నాయనకు. సీటు అడగవద్దు. చదవమని చెప్పు. సందేహం ఉంటే కోవిల్‌పట్టిలో రైలు దిగి వీరసామి నాయకర్ ఇల్లు ఎక్కడ అని అడగమను. వెంట ఎవరినైనా తెచ్చుకోవచ్చు అని చెప్పు.

ముత్తుప్పేచ్చికి చెప్పి పంపితిని. నీ రైలులోనే వస్తుందంట. రైలడి దగ్గర బండి కట్టుకుని ఉంటాను. నా బండి మాత్రం ఎక్కదంట. ఊరిదాకా నడిచే వస్తుందంట, అది ముందే చెప్పమని చెప్పి పంపె. ఎండ ఎట్ల ఉండాదో దానికి తెలియదా? నడవనీ. నువ్వు బండి ఎక్కుతావో, ఆమెతో నడుస్తావో నీ ఇష్టం.

ఎద్దుల్ని మెల్లగా తోలుతాను.

తాత వీరసామి